బాప్తిస్మం తర్వాత మొదటి ఏడాది: నవీన స్వభావం ధరించుకోవడం రోజువారీగా ఎలా నేర్పాలి?

కొత్తచిగురు (ప్రశ్న):

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మా సంఘంలో బాప్తిస్మానికి ముందు ఆరు వారాల పాఠాలు ఉన్నాయి. తర్వాత ఏమీ లేదు. నీళ్లలోంచి లేచిన మర్నాటి నుంచి ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస కూడిక, అంతే. ఈసారి తొమ్మిదిమందికి ఏడాది పొడవునా నడిచే శిక్షణ తయారు చేయమని పెద్దలు అప్పగించారు.

చిక్కు ఎక్కడంటే, 2 కొరింథీ 5:17 అందరికీ కంఠతా వచ్చు. "పాతవి గతించెను" అని సాక్ష్యంలో గట్టిగా చెబుతారు. మూడో నెలకల్లా పాత కోపం, పాత అప్పు, పాత సీసా గుమ్మంలో నిలబడతాయి. అప్పుడు "నాకు రక్షణ నిజంగా కలిగిందా?" అనే అనుమానం మొదలవుతుంది. కొందరు ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణకు) దూరంగా కూర్చుంటారు. కొందరు వేరే సంఘానికి వెళ్లి రెండోసారి బాప్తిస్మం తీసుకుంటున్నారు.

ఈ తొమ్మిదిమందిలో ఇద్దరికి రోజూ తాగే అలవాటు ఉంది. ఒకరు చిట్టీలు నడిపి కొందరికి డబ్బు ఎగ్గొట్టారు, ఇప్పుడు తిరిగి ఇచ్చేయాలంటున్నారు. నలుగురు స్త్రీల భర్తలు విశ్వాసంలో లేరు. ఇద్దరు కాలేజీ పిల్లలు పేరు మార్చుకోవాలా, సర్టిఫికెట్లలో ఏం రాయాలి అని అడుగుతున్నారు.

ప్రార్థన, వాక్య పఠనం ఎలాగూ ఉన్నాయి. వాటితోపాటు వారం వారం ఏం చేయించాలి, ఎక్కడ దెబ్బతింటాం అన్నది తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.


ఎఫెసు_నాలుగు:

వందనాలు బ్రదర్. మీరు ఎఫెసీ పత్రిక ఒక్కటి పట్టుకుంటే ఏడాదికి సరిపోతుంది. కానీ దాన్ని వరసలో బోధించాలి. మొదటి మూడు అధ్యాయాల్లో ఆజ్ఞ దాదాపు లేదు. ఉన్న ఒక్కటీ 2:11లో "జ్ఞాపకం చేసుకోండి" అన్నది. ఏర్పరచబడ్డారు, విమోచించబడ్డారు, ముద్రించబడ్డారు, క్రీస్తుతో కూడా లేపబడ్డారు... అంతా దేవుడు చేసేసిన పనుల వరస. "కాబట్టి ఇలా నడవండి" అన్న మాట నాలుగో అధ్యాయంలో గానీ రాదు. మన సంఘాల్లో కొత్తవాళ్లకు నేరుగా "ఇది మానేయ్, అది మానేయ్" దగ్గర మొదలుపెడతాం. దాంతో వాళ్లకు గుర్తింపు అంటే మానేసిన వాటి పట్టిక అయిపోతుంది. అందులో ఒకటి తప్పిపోగానే గుర్తింపే పోయిందనుకుంటారు. మీరు చెప్పిన రెండో బాప్తిస్మాలకు వేరు అక్కడుంది.

కాబట్టి మొదటి ఆరు వారాలు 1 నుంచి 3 అధ్యాయాలే చెప్పండి. అలవాట్ల మాట ఎత్తకండి. వారానికి ఒక్క వాక్యభాగం తీసుకుని, ప్రతి ఒక్కరితో సొంత మాటల్లో, "నేను" అని మొదలుపెట్టి నోట్‌బుక్‌లో రాయించండి. చదవడం రానివాళ్లు నోటితో చెబుతారు, పక్కవాళ్లు రాస్తారు.

ఏడో వారం నుంచి 4:22–24. ఇక్కడ మూడు క్రియలు ఉన్నాయి: వదలుకోవడం, నూతనపరచబడడం, ధరించుకోవడం. గ్రీకులో మొదటిదీ మూడోదీ బట్ట విప్పి బట్ట కట్టుకున్నట్టు ఒక్కసారిగా చేసే పనిని సూచించే రూపంలో ఉంటాయి. నడిమిది మాత్రం వర్తమానంలో, జరుగుతూ ఉండే పనిగా ఉంది. మన పాత అనువాదంలో "నూతనపరచబడినవారై" అని చదివితే అదీ అయిపోయినట్టే వినిపిస్తుంది. పక్కనే కొలొస్సీ 3:10 చదివించండి, అక్కడ "నూతన పరచబడుచున్న" అని స్పష్టంగా ఉంది. పైగా ఆ పని మనం చేసుకునేది కాదు, మనలో ఆత్మ చేసేది. కొత్త బట్ట వచ్చేసింది, ఒంటికి అలవాటు కావడానికి మాత్రం రోజులు పడుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మూడో నెల అనుమానం సగం తగ్గుతుంది.

ఇక 4:25–32లో పౌలు ఏ పాపాన్నీ ఊరికే మానమని వదిలేయలేదు. మానేదానికి ఎదురుగా చేసేదొకటి, దాని వెనక కారణం ఒకటి పెట్టాడు. అబద్ధం మాని నిజం చెప్పాలి, ఎందుకంటే మనం ఒకరికొకరం అవయవాలం. దొంగిలించేవాడు చేయి ముడుచుకుని కూర్చుంటే చాలదు, ఆ చేతులతోనే కష్టపడి సంపాదించి అక్కర ఉన్నవాడికి పంచాలి. నోటి నుంచి చెడ్డ మాట రాకూడదు, విన్నవాడికి కృప కలిగే మాట రావాలి. మత్తయి 12:43–45లో ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా ఉండబట్టే వెళ్లిన దయ్యం మరి ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది.

నోట్‌బుక్‌లో ఒక్కో పేజీకి నాలుగు వరసలు: ఏది వదలాలి, అది నన్ను ఏ అబద్ధంతో నమ్మిస్తోంది, ఎదురుగా ఏది ధరించాలి, ఎప్పుడు–ఎక్కడ–ఎవరితో. నాలుగోది లేకపోతే మొదటి మూడూ గాలిలో పోతాయి. "కోపం తగ్గించుకుంటాను" అని రాయనివ్వకండి. "రాత్రి 8కి ఇంటికి రాగానే పిల్లల మార్కుల గురించి అడగను. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, పావుగంట పిల్లల పక్కన కూర్చుని వాళ్లు చెప్పేది వింటాను" అని రాయించండి. అబద్ధం వరసలో "నేను అరవకపోతే ఈ ఇంట్లో నా మాట చెల్లదు" లాంటిది బయటపడుతుంది. అసలు పట్టు అక్కడే ఉంటుంది కాబట్టి ఆ వరస దగ్గర తొందరపడకండి, రెండు వారాలైనా పట్టనివ్వండి.

ఒక్కొక్కరికి ఒకసారికి ఒక్క పేజీయే, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఏడాదిలో ఆరేడు పేజీలు దాటవద్దు. వారానికోసారి ఇద్దరు ముగ్గురు, మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో నలభై నిమిషాలు కూర్చోవాలి. అక్కడ "ఆత్మీయ జీవితం ఎలా ఉంది?" అని అడిగితే "దేవుని కృప, బాగుంది" అన్న జవాబే వస్తుంది. "రాసుకున్న ఆ ఎనిమిది గంటలకు, ఈ వారం ఏడు రోజుల్లో ఎన్ని రోజులు కుదిరింది? కుదరని రోజు ముందు ఏం జరిగింది?" అని అడగండి.

పడిపోయినప్పుడు ఏం చేయాలో ముందే నేర్పాలి, పడ్డాక కాదు. అదే రోజు, పడుకునేలోపు: చేసినదాన్ని దాని పేరుతో దేవుని ముందు ఒప్పుకోవడం (1 యోహాను 1:9), ఎవరికైనా గాయమైతే వాళ్ల దగ్గరకు వెళ్లి క్షమాపణ అడగడం, నాలుగో వరస సరిచేసుకోవడం. అంతే. మూడు రోజులు ఏడుస్తూ తనను తాను శిక్షించుకుంటే పశ్చాత్తాపం ఎక్కువైనట్టు కాదు.

ప్రభువు బల్ల గురించి ఒక్కటి గట్టిగా చెప్పండి. 1 కొరింథీ 11:28 పరీక్షించుకుని మానేయమనడం లేదు, పరీక్షించుకుని "ఆలాగుచేసి" తినమంటోంది. ఒప్పుకున్నవాడు బల్ల దగ్గరికి రావాలి. బాప్తిస్మం మాత్రం రోమా 6:3–4 ప్రకారం పాతిపెట్టబడడం. పడిన ప్రతిసారీ మళ్లీ పాతిపెట్టరు. మళ్లీ మళ్లీ రమ్మని ప్రభువు పెట్టింది బల్లను.


వార్డు_సిస్టర్:

తాగే ఇద్దరి గురించి మాత్రమే చెబుతాను. ఇది ఆలస్యం చేయకూడని సంగతి.

రోజూ ఎక్కువగా తాగేవాళ్లను "ఈ రోజు నుంచి ముట్టను" అని ప్రమాణం చేయించి, మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టడం ప్రాణం మీదకు తెస్తుంది. హఠాత్తుగా మానేస్తే 6 నుంచి 12 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి రావచ్చు: ఎక్కడున్నారో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండె దడ. వైద్యం అందకపోతే చనిపోవచ్చు. సరిగ్గా ఈ దశలోనే మనవాళ్లు "దయ్యం బయటికి వస్తోంది" అనుకుని చేతులు కట్టేసి ప్రార్థన చేస్తారు. ప్రార్థన ఆపనక్కర్లేదు, అంబులెన్సులో కూర్చుని చేయండి.

మానే ముందు అడగవలసినవి: పొద్దున లేవగానే వణుకుతో తాగుతున్నారా? ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? పచ్చకామెర్లు, పొట్ట ఉబ్బరం ఉన్నాయా? ఒక్కదానికి అవునన్నా ఆసుపత్రిలో ఉంచే మాన్పించాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం చూస్తుంది. దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446 ఉచిత నంబరుకు ఫోన్ చేయండి. వాళ్లకు మాత్రలు వారం పది రోజులు తగ్గిస్తూ ఇస్తారు, దాంతోపాటు బి1 విటమిన్ అంటే థయమిన్ ఇస్తారు. తిండి లేక నీరసించి ఉన్న తాగుడు మనిషికి ఊళ్లో ఎవరితోనో ఊరికే గ్లూకోజు సీసా ఎక్కించకండి. థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కితే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

తెలంగాణ జిల్లాల్లో ఉన్నవాళ్లయితే కల్లు సంగతి విడిగా అడగండి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు, అది ఒక్కసారిగా దొరక్క మతి చలించినట్టు ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో చేరినవాళ్లు చాలామంది. "కల్లే కదా, మందు కాదు కదా" అనుకోవద్దు.

ఇంకో ప్రమాదం. భార్యలు, తల్లులు మందు మాన్పించే మాత్రలు తెచ్చి చెప్పకుండా కూరలో కలుపుతారు. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, ఆ మనిషి తెలియక తాగినప్పుడు ఒళ్లంతా ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఆ మాత్ర డాక్టరు చెబితే, తాగేవాడికి తెలిసి, అతని ఒప్పుదలతోనే వాడాలి. సంఘంలోని స్త్రీలకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఒంట్లోంచి దిగిపోయాక మీ నోట్‌బుక్ పని. ఎఫెసు_నాలుగు గారి నాలుగో వరస తాగుడుకు అచ్చంగా సరిపోతుంది. సాయంత్రం 6 నుంచి 9 వరకు, కూలి డబ్బు చేతికొచ్చే రోజు, పెళ్లిళ్లు, చావు ఇళ్లు, బెల్టు షాపు ఉన్న దారి: ఈ నాలుగు చోట్లే ముందు కట్టడి చేయాలి. మొదటి తొంభై రోజులు సాయంత్రం ఎవరో ఒకరు ఆ మనిషితో ఉండేలా సంఘంలో వంతులు వేయండి. కూడికే ఉండనక్కర్లేదు, కలిసి కూరగాయలకు వెళ్లినా సరే. కూలి డబ్బు భార్య ఖాతాకే నేరుగా పంపమని ఆ మనిషే యజమానితో చెప్పుకోవాలి. పనిచోటు నుంచి ఇంటికి ఇంకో దారి వెతకండి. మీ సంఘంలో బల్లకు ద్రాక్షారసం పులిసినది వాడుతుంటే వాళ్లకు పులియనిది ఇవ్వండి, ముందుగానే చెప్పి ఇవ్వండి.

మళ్లీ తాగితే? ముందు ఎంత తాగాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు అని అడగండి. ప్రసంగం తర్వాత. ఇక ఆరు నెలలు నిండకుండా అతన్ని వేదిక ఎక్కించి "తాగుబోతును ప్రభువు మార్చాడు" అని సాక్ష్యం చెప్పించకండి. ఆ తర్వాత పడితే సిగ్గుతో సంఘానికే రాడు.


చెల్లుచీటీ:

డబ్బు తిరిగి ఇవ్వడం గురించి.

అన్యాయంగా తీసుకున్నదానికి "నాలుగంతలు" ఇస్తానని సుంకరి జక్కయ్య అన్నాడు (లూకా 19:8), అది అతను ఆనందంతో తనంత తానుగా మాట్లాడిన మాట. తనే ఒప్పుకుని తెచ్చేవాడికి ధర్మశాస్త్రం పెట్టిన లెక్క అసలుతో పాటు అయిదో వంతు (లేవీ 6:5, సంఖ్యా 5:7). కొత్త విశ్వాసి మీద నాలుగంతల బరువు మీరు పెట్టకండి, అయిదో వంతు చాలు. 20,000 ఎగ్గొడితే 4,000 కలిపి 24,000. నెలకు 2,000 చొప్పున ఏడాదిలో తీరుతుంది. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు పోను మిగిలేదెంతో భార్యాభర్తలు కలిసి లెక్క చూసుకుని, నిలబెట్టుకోగల వాయిదానే చెప్పాలి. ఆవేశంలో "వచ్చే నెలకల్లా" అని చెప్పి తప్పితే అది రెండో అబద్ధం.

పనిచేసే వరస: ఒక పుస్తకంలో ఎవరికి, ఎంత, ఏ ఏడాది, కాగితం ఉందా లేదా అని రాసుకోవాలి. చిన్న మొత్తాలు, పేదవాళ్లవి ముందు. విధవరాలిదీ రోజుకూలీదీ పెద్ద షావుకారు బాకీ కంటే ముందు తీరాలి. మనిషి చనిపోతే సంఖ్యా 5:8 ప్రకారం దగ్గరి బంధువుకు, అసలెవరూ లేకపోతే దేవుని పనికి. వరస తప్పి, డబ్బు రావాల్సిన మనిషి బతికుండగా అతన్ని పక్కనపెట్టి "ప్రభువుకు ఇచ్చేశాను" అనడం కుదరదు. అలాంటి కానుకను కాపరి తీసుకోకూడదు కూడా.

ప్రామిసరీ నోటు ఉంటే, ఇచ్చిన ప్రతి మొత్తాన్నీ దాని వెనక తేదీతో జమ రాసి సంతకం పెట్టాలి, పూర్తిగా తీరాక చెల్లు రాయించుకుని నోటు వెనక్కి తీసుకోవాలి. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుందని, ఇక ఇవ్వనక్కర్లేదని ఊళ్లో చెబుతారు. కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుందే తప్ప బాకీ అబద్ధమైపోదు. కాలదోషం పట్టినదాన్ని కూడా తీరుస్తానని రాసి సంతకం పెట్టి ఇస్తే ఆ మాట చట్టం ముందు మళ్లీ చెల్లుతుంది. విశ్వాసికి కొత్త గుర్తింపు అంటే ఏమిటో ఊరికి తెలియడానికి దీన్ని మించిన సాక్ష్యం నాకు తోచదు.

జాగ్రత్త ఒకటి. రిజిస్టర్ చేయని చిట్టీ నడపడం 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద నేరం. కాబట్టి ఆ సోదరుడు అందరికీ ఒప్పుకోలు ఉత్తరాలు రాసే ముందు ఒక వకీలుతో ఒక గంట కూర్చోవాలి. దాచడానికి కాదు, తీర్చే పని మధ్యలో ఆగిపోకుండా చూసుకోవడానికి. ఆరాధనలో మైకు పట్టుకుని డబ్బు రావాల్సినవాళ్ల పేర్లు, మొత్తాలు చదవడం వద్దే వద్దు. పాపం ఎంతమంది మీద జరిగిందో ఒప్పుకోలు అంతమంది ముందే జరగాలి.


కొత్తచిగురు:

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఉపవాసం సంగతి ఈ రాత్రే పాస్టర్ గారికి చెబుతాను, వచ్చే శుక్రవారం ఆ ఇద్దరినీ కూర్చోబెట్టాలనే అనుకున్నాం.

నలుగురు అక్కల సంగతి ఎవరైనా చెప్పండి. సంక్రాంతి, వినాయక చవితి, అత్తమామల తద్దినాలు... బొట్టు తీసేయాలా, తాళి తీసేయాలా అని మా సంఘంలోనే రెండు మాటలున్నాయి.


లూదియ_ఇల్లు:

రెండు మాటలు మీ సంఘంలోనే కాదు, తెలుగు సంఘాలన్నిటిలోనూ ఉన్నాయి. చాలా సంఘాల్లో పెళ్లికి శిలువ గుర్తున్న తాళి కడతారు. నగలే వద్దనే సంఘాలూ ఉన్నాయి. నేను అభిప్రాయం చెబుతాను, మీ పెద్దలు తేల్చుకోండి.

మన పల్లెలో భర్త బతికుండగా భార్య మెడలో తాళి, నుదుట బొట్టు లేకపోతే అది విధవ గుర్తు. భర్తకు, అత్తకు అది మతం మార్పుగా కనబడదు, "నా కొడుకు చచ్చాడనుకుంటోంది" అని కనబడుతుంది. విశ్వాసంలో లేని భర్తతో కాపురం చేయడానికి అతను ఇష్టపడితే విడిచిపెట్టవద్దని 1 కొరింథీ 7:13 చెబుతుంది, మాట లేకుండా నడవడితో గెలవమని 1 పేతురు 3:1 చెబుతుంది. అలాంటి స్త్రీ చేత మొదటి నెలలోనే తాళి తీయించి ఇంటికి పంపితే ఆ రెండు వాక్యాలకూ మనమే అడ్డుపడ్డట్టు. తాళి ఆమె పెళ్లికి గుర్తు, దాన్ని ఉండనివ్వండి. బొట్టు సంగతి ఆమె, ఆమె భర్త మాట్లాడుకోవాలి. పూజ సంగతి వేరు, అక్కడ మెత్తబడకూడదు.

దానికి పౌలు గీసిన గీత 1 కొరింథీ 8, 10 అధ్యాయాల్లో ఉంది. మూడు చోట్లను మూడు రకాలుగా చూశాడు. విగ్రహం ముందు జరిగే బల్లలో పాలుపొందడం కుదరదు (10:21). కటికవాని అంగడిలో అమ్మేది ఏ విచారణా లేకుండా తినవచ్చు (10:25). ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లి వడ్డించింది తినవచ్చు, "ఇది అర్పించినది" అని ఒకరు చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానాలి (10:27–28). కాబట్టి చవితి రోజు ఇంట్లో పప్పు, పులుసు, వడలు కలిసి కూర్చుని తినడానికి ఇబ్బంది లేదు. హారతి, కొబ్బరికాయ, ప్రసాదం దగ్గర ఆగాలి.

ఎలా ఆగాలి అన్నది సాధన చేయించండి, నిజంగా నటించి చూపిస్తూ. రెండు చేతులూ జోడించి, "అత్తయ్యా, వద్దనుకోకండి, నేను యేసయ్యను నమ్ముకున్నాను, ఇది తీసుకోలేను. మీ మీద గౌరవం తగ్గి కాదు" అని చెప్పడం. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. "అది దయ్యాలకు పెట్టింది" అని ఇంట్లో అన్న కోడలి మాట పదేళ్లయినా ఆ ఇల్లు మరవదు. మరో ముఖ్యమైన పని, ముందే చెప్పడం. పండగకు పది రోజుల ముందు, అత్తగారు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలి. హారతి పళ్లెం ముఖం ముందుకు వచ్చాక చెబితే నలుగురిలో అవమానం అవుతుంది.

వద్దన్న ప్రతిదానికి ఎదురుగా ఒక పని ఎత్తుకోవాలి, ఎఫెసు_నాలుగు గారు చెప్పిందే. పూజలో కూర్చోని కోడలు ఆ రోజు తెల్లవారుజామునే లేచి ఇల్లు కడిగి, ఇరవైమందికి వంట చేసి, ముసలాయన మాత్రలు వేళకు ఇచ్చి, గిన్నెలు తోమితే నిందకు చోటు తక్కువ. చావు ఇంట్లో కూడా అంతే. విశ్వాసి అయిన కొడుకు తలకొరివి పెట్టలేనని శ్మశానంలో కట్టెల పక్కన చెప్పకూడదు. తండ్రి బతికుండగానే, అన్నదమ్ములతో కూర్చుని తేల్చుకోవాలి. పాడె మోయవచ్చు, కట్టెలకు, వచ్చినవాళ్ల భోజనాలకు డబ్బు తన వాటాకు మించి పెట్టవచ్చు, తల్లిని దగ్గర ఉంచుకోవచ్చు. ఖర్చు తప్పించుకోవడానికి మతం మారాడన్న మాట రాకూడదు.

కూడికల వేళలు కూడా చూడండి. భర్త ఇంటికి వచ్చే రాత్రి ఏడింటికి స్త్రీల ప్రార్థన పెట్టి, అన్నం పెట్టేవాళ్లు లేక అతను కోప్పడితే దాన్ని శ్రమ అనకూడదు. మధ్యాహ్నం రెండింటికి మార్చండి. దశమభాగం విషయంలో, ఆమెకు సొంత సంపాదన లేకపోతే భర్త జేబులోంచి తెలియకుండా తెచ్చింది తీసుకోకండి. భర్త కొడుతుంటే మాత్రం "ఓర్చుకో సిస్టర్" అని పంపకండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, ఆమెకు ఆ రాత్రి ఉండడానికి సంఘంలో ఒక ఇల్లు ముందే చూసి పెట్టండి.


గుండ్లకమ్మ_ఒడ్డు:

పేరు, సర్టిఫికెట్ల సంగతి నేను చెబుతాను.

పేరు మార్చుకోవాలని వాక్యంలో ఎక్కడా లేదు. రోమా 16లో పౌలు పేర్కొన్న హెర్మే, ఫీబే గ్రీకు దేవతల పేర్లతోనే ఉన్నారు. అపొల్లో పేరు, ఎపఫ్రొదితు పేరు కూడా అంతే. ఎవరూ మార్చలేదు. సౌలు దమస్కు దారిలో పౌలు అయ్యాడని మనవాళ్లు చెప్పే మాట కూడా సరికాదు. అపొస్తలుల కార్యములు 13:9 "పౌలు అనబడిన సౌలు" అంటుంది, అంటే రెండు పేర్లూ ఉన్నాయి. పిల్లలు ఇష్టపడి ఒక పేరు పెట్టుకుంటే సంఘంలో పిలవండి. కాగితాల్లో మార్చాలంటే అఫిడవిట్, గెజిట్ ప్రకటన కావాలి. బాప్తిస్మ పత్రం ఒక్కటీ చాలదు. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు, పాస్‌పోర్టు ఒక పేరుతో లేకపోతే ఉద్యోగం వేళ అవస్థ పడతారు. చదువు మధ్యలో వద్దని చెప్పండి.

కులం సర్టిఫికెట్ విషయం పిల్లలకూ తల్లిదండ్రులకూ బాప్తిస్మానికి ముందే చెప్పి ఉండాల్సింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలూ వారి పిల్లలూ మన రెండు రాష్ట్రాల్లో బీసీ–సీ కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు మతం మారినంత మాత్రాన హోదా పోదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 1950 ఉత్తర్వు అన్యాయమని 2004 నుంచి సుప్రీంకోర్టులో వ్యాజ్యం ఉంది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. దళిత క్రైస్తవుడికి ఊళ్లో వివక్ష ఏమీ తగ్గదు, కాగితం మీద రక్షణ మాత్రం పోతుంది. ఆ బాధ నిజమైనది, దాన్ని "విశ్వాసం తక్కువ" అని కొట్టిపారేయకండి. అలాగని ఒక కాగితంలో ఒకటి, ఆదివారం ఇంకొకటిగా బతకమని చెప్పడానికి ఎఫెసీ 4:25 ఒప్పుకోదు. వాస్తవాలన్నీ ముందు పెట్టి, ఏం పోతుందో చెప్పి, నిర్ణయం వాళ్లకే వదలండి. స్కాలర్‌షిప్ పోయే పిల్లకు ఫీజులో ఎంత ఇవ్వగలమో సంఘం లెక్క చూడాలి. ఖరీదు ఆ పిల్ల ఒక్కతే కట్టకూడదు.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. ఒంగోలు ప్రాంతంలో 1866లో యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తర్వాత మాదిగపల్లెల్లో విశ్వాసం పాకింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్త విశ్వాసులకు చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి తేలికే. కానీ ఆదివారం పనికి రానంటే కరణానికీ ఆసామికీ కోపం, జాతరకు డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. కొత్త గుర్తింపు ఊరి కట్టుబాటును సరిగ్గా ఎక్కడ తాకుతుందో ఆ మూడు చోట్లా గీత పడింది. మీ తొమ్మిదిమందికీ ఇరవై నియమాలు ఇవ్వకండి. మీ ఊళ్లో, మీ కాలంలో ఆ మూడు ఏవో పెద్దలు కూర్చుని వెతకండి.

నన్ను అడిగితే వాటిలో ఒకటి కులం. క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీ 3:28ని గోడ మీద రాసుకుంటాం, పెళ్లి సంబంధం దగ్గర "మనవాళ్లేనా?" అంటాం. కొత్త విశ్వాసి దీన్ని మొదటి నెలలోనే పసిగడతాడు. మందు ఒక్కటే: బల్ల, భోజనం. సువార్తికుడు భక్తసింగ్ గారు హైదరాబాదులోని తన సంఘ కేంద్రం హెబ్రోనులో ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమవిందు అని అందరినీ వరసల్లో కింద కూర్చోబెట్టి ఒకే అన్నం, ఒకే కూర పెట్టించేవారు. మీ ఏడాది శిక్షణలో నెలకోసారి ఇలా చేయండి, అయితే మందిరంలో కాదు, ఇళ్లలో. పన్నెండు నెలలు, పన్నెండు ఇళ్లు. మాలపల్లె, మాదిగపల్లె, బీసీ వీధి, కాలనీ, అన్నీ రావాలి. ఎవరి ఇంటికి ఎవరు కడుపు నొప్పి అని రాలేదో గమనించండి, వాళ్ల నోట్‌బుక్‌లో తర్వాతి పేజీ అదే.


కొత్తచిగురు:

ఆ చివరి మాట ముందు మా పెద్దల నోట్‌బుక్‌లో రాయాలి. ఎఫెసు_నాలుగు గారూ, ఒక్క సందేహం. తాగే ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్తే ఆరు వారాల 1–3 అధ్యాయాల పాఠం వాళ్లకు తప్పిపోతుంది కదా?


ఎఫెసు_నాలుగు:

తప్పిపోదు. పాఠమే మంచం దగ్గరికి వెళ్తుంది. మొదటి నాలుగైదు రోజులు మందుల మత్తులో ఉంటారు, ఏమీ తలకెక్కదు, అప్పుడు పక్కన కూర్చోవడమే పాఠం. తర్వాత రోజుకు ఒక్క వచనం, 2:4–5 తో మొదలుపెట్టండి: మనం చచ్చిన స్థితిలో ఉండగానే దేవుడు ప్రేమించాడు అన్నది. రెండు నిమిషాలు చదివి ఆపండి. క్యారియర్‌లో పెరుగన్నం, అరటిపండ్లు పట్టుకెళ్లండి. డాక్టరు తినమన్నాక మాత్రమే.